ట్రంకుపెట్టెలో నీ కాగితం

మావా,

ఎలగున్నావు అని అడిగితే నవ్వుతావు. అందుకే అడగను. నువ్వెల్లిపోయి పదకొండు నెల్లు నిండి పది రోజులైంది. పోయినోళ్ళ రోజులు లెక్కెట్టుకోకూడదంటారు గానీ, లెక్కెట్టకుండా ఎవరుంటారు సెప్పు...

ముందు సెప్పాల్సింది ముందే సెప్పీస్తాను. నాను ఊరు ఇడిసిపెట్టీసినాను. మన ఝాన్సీని తీసుకుని ఆమదాలవలస వచ్చీసినాను. నాలుగు నెల్లయింది. ఇల్లు, కొబ్బరితోట, జీడితోట, నుయ్యి, మీ అమ్మ... అన్నీ అక్కడే ఉన్నాయి. మేమిద్దరమే నేము.

కోపం వచ్చిందా? రానీ. నీ కోపం నాకు కొత్తా ఏటి? కానీ మొత్తం సదివి, అప్పుడు తిట్టు.

నువ్వు బతికున్నప్పుడు నీకు ఒక్క ఉత్తరం రాయనేదు నాను. రాయాల్సిన పని ఎప్పుడొచ్చింది? నాను పక్కూరి పిల్లని. నువ్వు ఉద్దానం దాటి నాలుగు రోజులు ఎక్కడా ఉన్నోడివి కాదు. పెళ్ళిళ్ళకి ఎల్నా సాయంత్రానికి తిరిగొచ్చీసేవోడివి. నా పదో తరగతి సదువు ఇన్నాళ్ళకి ఇలగ పనికొచ్చింది. తప్పులుంటే సర్దుకో.

ఇప్పుడు మధ్యాన్నం మూడయింది. నాను పనిసేసే టిఫిను కొట్టు కట్టీసినారు. ఝాన్సీ కాలేజీకి ఎల్నాది. గదిలో నానొక్కదాన్నే.

నువ్వు నన్ను ఎప్పుడూ ఆటపట్టించేవోడివి గుర్తుందా? "పేరుకి ఢిల్లమ్మవి. కంచిలి స్టేషన్ దాటి ఎల్నావేటే ఎప్పుడైనా?" అనేవోడివి. దాటినాను మావా. నీతోనే దాటినాను. నీకు రక్తం కడిగే మిషను ఎక్కించడానికి వారానికి రెండుసార్లు రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, ఆటోలో సికాకుళం... ఆ పద్నాలుగు నెల్లలో ఈ స్టేషన్లో ఏ బెంచీ కింద నీడుంటాదో, ఏ కుళాయిలో నీళ్ళొస్తాయో అన్నీ నాకు తెలిసిపోయాయి. నాకు తెలిసిన పరాయి ఊరు ఇదొక్కటే. అందుకే ఇక్కడికొచ్చినాను.

మన ఊరికి ఈ రోగం కొత్తా? మీ నాన్న అలగే పోనాడు. మీ అన్న అలగే పోనాడు. కాళ్ళు వాయడం, కూడు సయించకపోవడం, డోకులు, ఆపైన మిషను, ఆపైన... పేపరోళ్ళు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చి మన నూతుల్లో నీళ్ళు సీసాల్లో పట్టుకెల్లారు, మట్టి పట్టుకెల్లారు, వడ్లు కూడా పట్టుకెల్లారు. మన కిడ్నీలే ఎందుకు పోతన్నాయో మాత్రం ఒక్కడూ తేల్సి సెప్పనేదు.

నువ్వు పోయిన మూడో నెల్లో ఊళ్ళోకి రక్తపరీక్షల బండి వచ్చింది. ఆరోజు మన ఊరు ఎలగుంటాదో నీకు సెప్పాలా? పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళన్నిటికీ తాళాలు. అందరూ తోటల్లోనే. ఒక్క కాగితం బయటపడితే ఆ గడప తొక్కడానికి ఎవడూ రాడు. అన్నకి రక్తంలో క్రియాటిన్ ఎక్కువుందంటే సెల్లికి సంబంధం తప్పిపోతాది. సూడ్డానికొచ్చినోళ్ళు కట్నం కన్నా ముందు అదే అడుగుతన్నారు కదా ఇప్పుడు.

నానూ అదే సేసినాను మావా. ఝాన్సీని తీసుకుని జీడితోటలోకి ఎల్లి, బండి ఊరు దాటేదాకా కూకున్నాను. నిన్ను కాల్సిన జాగా అక్కడికి కనపడతానే ఉన్నాది. తండ్రిని మింగిన రోగం కూతురికుందో నేదో తెలీకుండా దాసుకుని కూకున్నాను. ఆరోజు నాకు సిగ్గెయ్యనేదు. గెలిసినట్టే ఉన్నాది. సాయంత్రం ఇంటికొచ్చి సేపల కూర కూడా వండినాను.

తర్వాత మూడు నెల్లకి... ఒకరోజు ఝాన్సీ కాలేజీ నుంచొచ్చి సెప్పులు కరుస్తన్నాయి అన్నాది. ఎదుగుతంది కదా, కొత్తవి కొనాల అనుకున్నాను. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూకుంటే సీలమండ మీద సెప్పు పట్టీ గుర్తు లోతుగా ఉన్నాది. నా బొటనేలు పెట్టి నొక్కినాను. గుంట పడింది.

పూడనేదు మావా. అలగే ఉండిపోయింది.

నీ కాలు మీద ఎన్నిసార్లు నొక్కి సూసినాను నాను... ఆ గుంట నాకు తెలీదా? ఝాన్సీ, ఏటమ్మా అలగ సూస్తన్నావు అంటే, ఏటీ నేదు, దుమ్ము అన్నాను.

నీకు మిషను ఎక్కించిన సిస్టరమ్మ గుర్తుందా? "ఆవిడ సెయ్యి పడితే సూది గుచ్చినట్టే ఉండదే" అనేవోడివి. నువ్వు పోయిన్నాడు ఊరి దాకా వచ్చి, బైబిలు సంచీలో పెట్టుకుని, మన అరుగు మీద సాయంత్రం దాకా కూకుని ఎల్లింది. ఆవిడకే ఫోను సేసినాను. ఇంట్లో ఎవరికీ సెప్పకుండా, బొబ్బిలి సుట్టాలింట్లో పెళ్ళని అబద్ధం ఆడి పిల్లని తీసుకెల్నాను. అత్తకి అబద్ధం ఆడ్డం పెళ్ళయ్యాక అదే మొదలు.

పరీక్ష సేసిన డాక్టరు కుర్రోడే. కాగితం సూసి, ఇప్పుడిప్పుడే మొదలైంది, కిడ్నీ అలుస్తన్నాది, ఇంకా పోనేదు అన్నాడు. ఊరు మారిస్తే ఆగుతాదా బాబూ అని అడిగినాను. తెల్దమ్మా అన్నాడు. ఇన్నేళ్ళలో తెల్దు అన్న డాక్టర్ని మొదటిసారి సూసినాను నాను. అందుకే నమ్మినాను. మందులు రాసిచ్చి, ఒక ఆర్నెల్లు ఆ నీళ్ళు, ఆ సోటు తగలకుండా వేరే దగ్గరుంచి సూడు, మధ్యలో మళ్ళీ అక్కడికి తీసుకెల్లకు, అప్పుడే తేడా తెలస్తాది అన్నాడు.

ఇంటికొచ్చి అత్తకి సెప్పినాను. దాసలేకపోనాను. అత్త ఏడవనేదు. ఆవిడకి ఏడుపు ఎప్పుడో అయిపోయింది కదా. ముందు ఆ కాగితం మడత పెట్టి పెట్టిలో పడెయ్యమన్నాది. ఎవరికంటా పడకూడదన్నాది. ఒకటి రెండేళ్ళలో బేగి పెళ్ళి సేసి పంపించీస్తే, ఆపైన దాని రాత అన్నాది.

తప్పు పట్టకు, నాకూ అదే మంచిదనిపించింది. ఆ పూట. ఎల్లడం అంటే ఎక్కడికి? ఏటి తినాల? పుట్టిన దగ్గర్నుంచీ కాయ, పండు, కట్టె, నీళ్ళు... ఏదీ ఎవర్నీ అడిగిన దాన్ని కాదు. మొగుడు పోయినదాన్ని, ఆడపిల్లనేసుకుని ఊరిమీద పడితే జనాలు ఏటంటారు? కాగితం పట్టుకుని ట్రంకుపెట్టి తీసినాను.

పైన నా పెళ్ళి సీర. దాని కింద నీ పెళ్ళి పంచె. అది జరిపితే అడుగున, నాలుగు మడతలు పెట్టి, నీ కాగితం ఉన్నాది.

పేరు నీదే. వయసు నీదే. క్రియాటిన్ పక్కన ఎర్రపెన్నుతో గీత. నీ కాళ్ళు వాసింది రాష్ట్రం ఇడిపోయిన ఏడు. ఆ కాగితం అంతకి రెండేళ్ళ ముందుది.

నీకు తెల్సు మావా! రెండేళ్ళ ముందే నీకు తెల్సు!

అప్పుడు మీ సెల్లి సంబంధం ఖాయమవుతన్నాది. అందుకే దాసినావు, నాకు అర్థమైంది. ఆవిడ సుఖంగానే ఉన్నాది, ఇద్దరు పిల్లలు. నిన్ను తప్పు పట్టడానికి కూడా నేదు. కానీ నాకెందుకు సెప్పనేదు? పక్కన పడుకున్నదాన్ని కదా నాను? నాకు సెప్తే ఊరంతా టముకేస్తాననుకున్నావా? ఆ రెండేళ్ళూ నువ్వు తోటలో ఎండలో గోతులు తవ్వినావు. నొప్పులని ఏ మందు పడితే ఆ మందు మింగినావు. ఒక్క ముక్క సెప్పుంటే...

ఆ కాగితం మీద నా కూతురి కాగితం పెట్టడానికి నా సెయ్యి రానేదు.

మీ నాన్న కాగితం కూడా ఏ పెట్టిలోనో ఉండేదేమో. మీ అన్నది కూడా. మన ఇళ్ళల్లో ముందు కాగితాలు దాస్తారు, తర్వాత మనుసుల్ని మోస్తారు. ఇంక సాలు అనిపించింది. సిస్టరమ్మ నాది ధైర్యం అంటాది. ధైర్యం ఏటి నా మొకం! అది కోపం. నీ మీద, నా మీద, ఆ పెట్టి మీద. అంత కోపం నాకు జన్మలో రానేదు. పెట్టి మూసీసి, రెండు కాగితాలూ జాకెట్లో పెట్టుకున్నాను.

మీ అమ్మతో పడిన తగువు నీకెందుకులే. ముగ్గుర్ని ఇక్కడే కాల్సినాను, ఇంట్లో ఉన్న ఒక్క గుంటపిల్లనీ నువ్వు పట్టుకుపోతావా అన్నాది. ఊరు ఇడిస్తే రోగం ఇడిసిపోతాదేటే, డెబ్బై ఏళ్ళు నాను ఈ నీళ్ళే తాగినాను, నాకేటవనేదే అన్నాది. నిజమే కదా. ఆవిడ ఇప్పటికీ బిందెతో నీళ్ళు తోడుతాది, తోటలో కమ్మలు ఏరుతాది. నువ్వు నలభై రెండేళ్ళకే... ఎవరైనా సెప్పగలరా ఇది ఎందుకో?

మాతో రమ్మని కాళ్ళు పట్టుకున్నాను. రాను అన్నాది.

ఇంకో మాట నవ్వకుండా విను. మొదటి రోజు నాను ఎల్లలేకపోనాను. సంచులు కట్టుకుని, ఝాన్సీని తీసుకుని రోడ్డు మీదకొచ్చి నిలబడినాను. బస్సొచ్చింది. ఆగింది. కండక్టరు రండమ్మా అన్నాడు. నాను సంచులు ఎత్తనేదు. బస్సు ఎల్లిపోయింది. ఇంటికొచ్చి పొయ్యెలిగించి అన్నం వండీసినాను, ఏటీ జరగనట్టే. అత్త కంచాలు పెట్టింది. ఝాన్సీ అయితే గెంతులేసింది.

రెండో రోజు పొద్దున్న అన్నం వండనేదు. వండితే మళ్ళీ ఉండిపోతానని. ఖాళీ కడుపుతో ఎల్లి బస్సెక్కీసినాము. అత్త నూతి గట్టు మీద అటు తిరిగి కూకున్నాది. పిలిసినాను. తిరగనేదు.

సిస్టరమ్మ వాళ్ళ ఇంటి వెనక గది ఇచ్చింది. పక్కనే వాళ్ళ చర్చి. ఆదివారం పాటలు వినపడతాయి. నాను మతం మారిపోయినానని ఊళ్ళో అంటన్నారట. ఎవరో పనిగట్టుకుని ఫోను సేసి మరీ సెప్పినారు. ఆవిడ మాత్రం ఒక్కరోజు కూడా చర్చికి రమ్మననేదు... పోనీలే, ఊళ్ళో వాళ్ళకి కూడా ఏదో ఒక కబురు ఉండాల కదా.

స్టేషన్ ఎదురుగా టిఫిను కొట్టులో పని కుదిరింది. మొదట కొట్టామె నా సేతులు సూసి భయపడిపోయింది. జీడిగింజలు కొట్టి కొట్టి నా వేళ్ళు నల్లగా మాడిపోయి ఉంటాయి కదా, ఏదో రోగం అనుకుంది. పిండి ముట్టుకోనివ్వనేదు. నెల్లాళ్ళు గిన్నెలే తోమినాను. ఇప్పుడు సర్మం ఊడి కొంచెం తెల్లబడింది. ఇడ్లీలు నానే వేస్తన్నాను. సట్నీ కూడా నాదే.

ఆ సట్నీ కోసం కొబ్బరికాయలు తెమ్మని ఒకరోజు బజారుకి పంపింది. కొట్టోడు కాయ సేతిలో పెట్టి డబ్బులు అడిగినాడు. "ఉద్దానంలో పుట్టినోడు కాయ కొనుక్కుని తింతాడేటే?" అని నువ్వు మీసం తిప్పేవోడివి కదా... బజారు నడిమధ్య నిలబడి ఏడిసినాను మావా. కొట్టోడు కంగారుపడి, రేటు ఎక్కువైందా అమ్మా అని తగ్గించీసినాడు. ఆ కాయ ఏటి కాయ, పిడికెడుంది. మన తోటలో రాలితే ఏరుకోం.

ఇప్పుడు అసలు సంగతి. దీనికే ఉత్తరం మొదలెట్టినాను, ఇంతసేపూ తప్పించుకుంటన్నాను.

నువ్వింకా మిషను దాకా ఎల్లని రోజుల్లో డాక్టరు నీకు శుద్ధి సేసిన టిన్ను నీళ్ళే తాగమన్నాడు. ఊళ్ళోకి టిన్నులు వచ్చేవి. నువ్వు రెండు గుక్కలు తాగి, "థూ! ఇయ్యేటి నీళ్ళే! మా తాత తవ్విన నుయ్యి ఉండగా నాను డబ్బా నీళ్ళు తాగాలా?" అని సెంబు విసిరీసేవోడివి. దాహంతో పెదాలు ఎండిపోయి కూకునేవోడివి గానీ తాగేవోడివి కాదు. ఎన్ని రోజులని సూడను?

ఒకరోజు ఆ టిన్ను పశువుల కుడితిలో పోసీసి, నూతి నీళ్ళు నింపి, నీ మంచం పక్కన పెట్టినాను. నువ్వు సెంబెత్తి గడగడా తాగీసి, "ఈరోజు టిన్ను నీళ్ళు బాగున్నాయే" అన్నావు. నవ్వినావు కూడా. ఎన్నాళ్ళకో నవ్వినావు.

ఆ నవ్వు కోసం రోజూ అదే సేసినాను. ఎనిమిది నెల్లు. నువ్వు మిషను మీదికి ఎల్లేదాకా.

ఎవరికీ సెప్పనేదు. సిస్టరమ్మకి కూడా. డాక్టర్ని అడగాలని నోటిదాకా వచ్చింది... నూతి నీళ్ళ వల్లేనా బాబూ, నానే సంపుకున్నానా అని. అడిగితే తెల్దమ్మా అంటాడు. అవును అన్నా భరిస్తానేమో గానీ, ఆ తెల్దు నాను మోయలేను.

నువ్వు కాగితం దాసినావు. నాను నీళ్ళు దాసినాను. ఇద్దరమూ మంచికే సేసినాం. ఏటి మంచి జరిగింది మావా? నువ్వు నన్ను క్షమిస్తావో నేదో నాకు తెలీదు. నాను మాత్రం నిన్ను ఇంకా పూర్తిగా క్షమించనేదు. ఉన్నమాట సెప్తన్నాను.

మూడు నెల్లు నిండాక మళ్ళీ పరీక్ష సేయించినాను. పెరగనేదు, తగ్గనేదు. అంతే ఉన్నాది. మంచిదే అన్నాడు డాక్టరు. ఆగిందో, ఆగి సూస్తందో ఎవరికెరుక? కాలు మీద వాపు మాత్రం కొంచెం తగ్గింది. పొద్దున్నే నాను నొక్కబోతే కాలు లాక్కుంటాది, సిరాకు పడతాది. ఇక్కడ దానికి నేస్తాలు నేరు. కాలేజీలో ఎవరో, మీది కిడ్నీల ఊరా అని అడిగినారట. అవును అని సెప్పు, దాయకు అన్నాను. ఆరోజు నాతో మాటాడనేదు.

ఇప్పుడు మీ అమ్మ ఫోను సేసింది. వచ్చే నెల్లో నీ సంవత్సరీకం. మీ అన్న కొడుకు పిండం పెడతాడట. సుట్టాలందరూ వస్తన్నారట. పిల్లని తీసుకొచ్చి పది రోజులుండి ఎల్లు, మొగుడికి ఏడాది పెట్టుకోని ఆడది ఉంటాదా అన్నాది. నాలుగు నెల్ల తర్వాత ఆవిడ గొంతు వినడం అదే. గొంతు సన్నబడిపోయింది.

నాను రాను మావా.

ఆర్నెల్లు ఇంకా నిండనేదు. పిల్లని తేలేను. నువ్వొక్కదానివైనా రావొచ్చు కదా అంటావు. అదీ రాలేను. ఆ గుమ్మంలో అడుగెడితే మీ అమ్మ నా సెయ్యి పట్టుకుంటాది. పట్టుకుంటే ఇడిపించుకోలేను. ఒకసారి ఎల్లడానికే నాకు రెండు రోజులు పట్టింది, రెండోసారి ఎల్లగలిగే సత్తువ నాలో నేదు. నా సంగతి నీకన్నా ఎవరికి తెల్సు?

ఊరంతా ఉమ్మేస్తారు. ఉమ్మనీ. ఇక్కడే సిస్టరమ్మ ఇంటి వెనక, ఒక ఇస్తరి వేసి, నీకిష్టమైన పనసపొట్టు కూర వండి పెడతాను. నువ్వు వస్తావో రావో నీ ఇష్టం.

ఝాన్సీ నిన్నట్నుంచీ అన్నం తినడం నేదు. నాన్నకి ఏడాది కూడా పెట్టనివ్వవా, నువ్వేటి మనిషివి అన్నాది. నాన్న కలలోకొచ్చి రమ్మంటన్నాడు అన్నాది. పొద్దున్న ఏడుస్తానే కాలేజీకి ఎల్లింది. దానికి నువ్వంటే ప్రాణం, నాకు తెలీదా? నాకు మాత్రం నువ్వక్కర్లేదా?

కానీ మావా... కలలోకొచ్చి పిల్లని పిలవకు. నువ్వు ఎన్నిసార్లు పిలిసినా, అది ఎంత ఏడిసినా, దాన్ని నీకాడికి పంపను. కావాలంటే నాకు బేగి కబురెట్టు, వచ్చీస్తాను. అది మాత్రం ముసల్ది అయ్యి, పళ్ళూడిపోయి, తీరిగ్గా వస్తాది. అంతదాకా నువ్వక్కడ ఒక్కడివే ఉండు.

నా బిడ్డ మీద ఒట్టు.

ఢిల్లమ్మ